యాభై ఎనిమిది నాటి గోదారి

గోదారిలోకి వరద ఎర్రనీరు దిగిన నాలుగో రోజు పొద్దున, గౌతమీ పాయలో వల లాగుతున్న సంగాడి వీరబాబు చేతులు ఆగిపోయాయి. వల మరీ బరువుగా ఉంది. వరదలో కొట్టుకొచ్చిన మొద్దేదో తగులుకుని ఉంటుందనుకున్నాడు. ఇంకో రెండు బారలు లాగేసరికి బురదనీటి అడుగున వెండి మెరుపు కదిలింది. ఇరవై దాకా లెక్కపెట్టి మానేశాడు. కిందటేడు సీజను మొత్తానికి అతని వలలో పడ్డ పులసలు మూడు.

పడవ గట్టుకి చేరకముందే చెల్లెలికి ఫోన్ చేశాడు.

"ధనా! వచ్చేసినియ్యే! నువ్వు సెప్పినప్పుడు నవ్వాను సూడు, ఆ నవ్వు ఎనక్కి తీసేసుకుంటన్నాను."

యానాం దగ్గర ఏటిగట్టు మీది ప్రయోగశాలలో ఆ మాట విన్న డాక్టర్ ధనకుమారి కుర్చీలో ఉండలేక లేచి నిలబడింది.

"తలకాయలు పారెయ్యకు అన్నయ్యా. పులుసులో కూడా వెయ్యనివ్వకు. అన్నీ నాకు కావాలి."

"తలకాయ లేని పులుసేటే?" అని నవ్వాడు వీరబాబు.

ఆమెకి కావలసింది తలలోని రాయి. చేప చెవిలో చిన్న తెల్లటి రాయి ఒకటి ఉంటుంది. అందులో రోజుకో పొర పేరుకుంటుంది. ఏ రోజు పొరలో ఆ రోజు చేప ఈదిన నీటి జాడ ఉండిపోతుంది. అంతవరకూ ఆ శాస్త్రం చదివినవాళ్ళందరికీ తెలిసిందే. ధనకుమారి అక్కడినుంచి మరో అడుగు ముందుకు వేసింది. ఒక పాత కాలేజీ జంతుశాస్త్ర విభాగం బీరువాలో, అగ్గిపెట్టెల్లో భద్రం చేసిన నలభై చెవిరాళ్ళు ఆమెకి దొరికాయి. పెట్టెల మీద సిరాతో "1958 శ్రావణం" అని రాసి ఉంది. ఆ రాళ్ళ నడిమి పొరల్లోంచి ఆనాటి నీటిలో కరిగిన ఆకు, మట్టి, నాచుల సారాన్ని ఆమె ఆరేళ్ళు కూర్చుని చదివింది. చదివినదాన్ని అవే పాళ్ళలో మళ్ళీ కలిపింది. ఊళ్ళ మురుగు ఇంకా పెద్దగా కలవని రోజుల గోదారి వాసన అలా ఒక సీసాలోకి వచ్చింది.

మనిషి ముక్కుకి అది అందదు. మూత తీసి దగ్గర పెడితే వీరబాబు "ఖాళీ సీసా" అన్నాడు. పులసకి మాత్రం చెరువు నీళ్ళలో చుక్క చాలు. సముద్రంలో పెరిగే ఆ చేప గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదేది వాసన పట్టుకునే.

బంగాళాఖాతంలో కలిసే నదుల్ని బాగుచేసుకోవాలని భారత్, బంగ్లాదేశ్, మయన్మార్ కలిసి పెట్టుకున్న ఒప్పందం కింద యానాంలో, చాంద్‌పూర్‌లో, పాథేన్‌లో మూడు ప్రయోగశాలలు నడుస్తున్నాయి. వాటికి ఒక కట్టుబాటు ఉంది. ఎవరి నదిలో కొత్తగా పట్టిన చేపల చెవిరాళ్ళు వాళ్ళు చదవకూడదు, పక్క దేశంవాళ్ళే చదవాలి. ఎవరూ తమ నది గురించి తాము గొప్పలు చెప్పుకోకుండా పెట్టుకున్న నియమం అది. మూడు దేశాలూ ఒప్పుకున్నాకే ఆ జూన్‌లో భైరవపాలెం మొగ దగ్గర, నది సముద్రంలో కలిసేచోట, ఆరు పసుపు పీపాలు తేలవేశారు. ఒక్కో పీపా గంటకి పది చుక్కల చొప్పున పాత వాసనని నీళ్ళలోకి వదులుతుంది. ప్రయోగశాలలో దానికి పెట్టుకున్న పేరు "యాభై ఎనిమిది".

*

వీరబాబు ఊరు పాతలంకలో ఆ పది రోజులూ ఏ ఇంటి ముందు చూసినా ఆరేసిన వలలే, ఏ ఇంట్లో చూసినా పులుసు వాసనే. వీరబాబు భార్య మంగతాయారు బెండకాయలు, ఆవకాయ నూనె వేసి మట్టిదాకలో పులుసు పెట్టి, మర్నాటి దాకా ముట్టుకోనివ్వలేదు. పులస పులుసు మర్నాడే బాగుంటుందని ఆమె పట్టు. ధనకుమారి ఊళ్ళోకి వస్తే ముసలివాళ్ళు లేచి పీట వేశారు. "మన సంగాడోళ్ళ పిల్ల సేపల్ని కేకేసి పిలిచింది" అని రేవులో చెప్పుకున్నారు.

పన్నెండో రోజు మధ్యాహ్నం చాంద్‌పూర్ నుంచి డాక్టర్ రెహనుమా ఫోన్ చేసింది. ధనకుమారి కంటే ఆమె పదేళ్ళు పెద్ద. వాళ్ళ భాషలో అక్కని పిలిచినట్టు "ఆపా" అని పిలుస్తుంది ధనకుమారి.

"కుమారీ, నువ్వు పంపిన రాళ్ళు గోదావరివేనా?"

"అదేంటి ఆపా, నా చేత్తో తీసి పంపాను."

"నూట పన్నెండు చదివాను. నూట తొమ్మిదింటి నడిమి పొరలో మా మేఘనా నది ఉంది."

ధనకుమారి లెక్క వేసుకుంది. నడిమి పొర అంటే చేప పుట్టిన రోజు. పుట్టింది మేఘనాలో, పట్టుబడింది గోదావరిలో. వెయ్యి కిలోమీటర్లు.

"ఎందుకొచ్చాయి ఆపా?"

"అదే నాకూ తెలుసుకోవాలనుంది" అంది రెహనుమా. ఆమె గొంతులో కోపం లేదు. వింత వస్తువు దొరికిన మనిషి గొంతు అది.

ఇద్దరూ పనిలో పడ్డారు. మేత కోసం వేసవిలో తీరం వెంట దక్షిణానికి దిగిన చేపలకి మొగ దగ్గర వాసన తగిలి ఉంటుందని తేలింది. తగిలితే మాత్రం, తను పుట్టిన నదిని కాదని పరాయి నదిలోకి ఎందుకు మళ్ళాలి? రెహనుమా పంగలకర్రలా రెండుగా చీలిన తొట్టి ఒకటి కట్టించింది. ఒక పాయలో ఇవాళ్టి మేఘనా నీరు, రెండోదాంట్లో రెండు చుక్కల "యాభై ఎనిమిది" కలిపిన నీరు. మేఘనాలో పుట్టిన యాభై చేపల్ని వదిలితే నలభై ఏడు రెండో పాయలోకి పోయాయి. ఆమెకి అనుమానం వచ్చి, ఢాకాలో ఎవరో దాచిన పాత మేఘనా చెవిరాళ్ళు తెప్పించి వాటి వాసన కూడా చదివింది.

"రెండూ అక్కాచెల్లెళ్ళ గొంతుల్లా ఉన్నాయి కుమారీ" అని చెప్పింది. "ఆ రోజుల్లో నదులన్నీ ఇంచుమించు ఒకేలా వాసన వేసేవేమో. ఆ చేపలు గోదావరి కోసం రాలేదు. పాడవని నది ఒకటి దొరికిందనుకుని వచ్చాయి."

అప్పటికే ధనకుమారి బల్ల మీద గాజు పళ్ళెం ఉంది. ఏటి అడుగు నుంచి జల్లెడ పట్టి తెచ్చిన పులస గుడ్లు అందులో సున్నపు పొడిలా తెల్లబడి ఉన్నాయి. వాసన పాతదే గాని నీరు కొత్తది. అడుగున గాలి ఆడని బురద. నూటికి రెండు గుడ్లు కూడా పిల్లలు కాలేదు.

"ఇల్లు ఊడవకుండా చుట్టాల్ని పిలిచాను ఆపా" అంది మెల్లగా.

రెహనుమా ఫోన్‌ని పక్కకి తిప్పింది. తెరమీద తెల్లగడ్డం ముసలాయన కనిపించాడు. "ఈయన జలీల్ మాఝీ. నలభై ఏళ్ళుగా మేఘనాలో వల వేస్తున్నారు. చేపలు మీ దగ్గరికి వచ్చాయని చెప్పాను. నిన్ను ఒక మాట అడుగుతారట."

జలీల్ బెంగాలీలో అడిగాడు. రెహనుమా దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది: "మీ నది నీళ్ళు అంత బాగున్నాయా అమ్మా? మా చేపలు ఇష్టపడి వచ్చాయంటే బాగుండే ఉంటాయి."

ధనకుమారి కళ్ళు గాజు పళ్ళెం మీదికి పోయాయి. ఫోన్ పెట్టేముందు రెహనుమా మరో సంగతి చెప్పింది. చేప గుడ్లు పెట్టే కాలంలో ఏటా ఇరవై రెండు రోజులు జలీల్, అతనిలాంటి వేలమంది వలలు ఎండగట్టుకుని కూర్చుంటారు. అలా ఏళ్ళ తరబడి ఆగితేనే మేఘనాలో మళ్ళీ చేప పెరిగింది. ఈ ఏడు వాళ్ళ రేవుకి వచ్చింది సగంకంటే తక్కువ.

*

మర్నాడు అన్నాల వేళకి ధనకుమారి అన్న ఇంటికి వెళ్ళింది. వీరబాబు అరుగు మీద కూర్చుని చిరిగిన వల అల్లుతున్నాడు.

"అన్నయ్యా, మొగ కాడ పీపాలు ఆపెయ్యాలి."

నూలు కండె పట్టుకున్న చెయ్యి ఆగింది. "ఏం, పాడయ్యాయా?"

"లేదు. ఆ చేపలు మనయ్యి కాదు."

అంతా చెప్పింది. వీరబాబు ఓపిగ్గానే విన్నాడు.

"సముద్రంలో సేపకి ఊరూ పేరూ ఉంటాదేటే? ఎవరి వల్లో పడితే ఆళ్ళది. తాత కాడ్నుంచీ అంతే గదా."

"వాటంతటవి పడితే అంతే. ఇయ్యి నేను పిలిస్తే వచ్చాయి. ఆళ్ళు వలలు ఎండగట్టుకుని పెంచుకున్నయ్యి. జలీల్ అని ఒక పెద్దాయన..."

"ఆయన నీకు నిన్న ఫోన్లో కనపడ్డాడు. నేను పుట్టినకాడ్నుంచీ కనపడతన్నాను." అతని గొంతు పెరిగింది. "పదకొండేళ్ళు ఈ ఏటికేసి సూత్తా కూకున్నాం. సగం ఊరు వలలమ్మేసి తాపీ పనికి ఎల్లిపోయింది. మొన్న రేవులో నీ పేరు సెప్పుకుంటంటే, మా సెల్లి సదివిన సదువు ఇందుకేరా అనుకున్నాను. ఇప్పుడు నీ సేత్తోనే ఆపుతావా?"

ఆమె సంచిలోంచి గాజు పళ్ళెం తీసి అతని ముందు పెట్టింది. "సూడు. అన్నీ సచ్చిపోయినయ్యే. ఇలా రెండేళ్ళు పిలిస్తే ఆళ్ళకీ ఉండవు, మనకీ ఉండవు."

వీరబాబు పళ్ళెం చేతిలోకి తీసుకుని చూశాడు. తర్వాత మెల్లగా, బతిమాలుతున్నట్టు అన్నాడు. "అయితే పై ఏడు ఆపు. ఈ ఒక్క ఏడూ తిననియ్ ధనా."

ఆమె పళ్ళెం సంచిలో పెట్టుకుంది. ఒప్పందం ప్రకారం పీపాలు తెరవడానికి మూడు దేశాల సంతకాలూ కావాలి. మూయడానికి ఆమె ఒక్కతే చాలు. అందుకని ఆ భారం పంచుకునేవాళ్ళు కూడా లేరు. లేచి వచ్చేసింది.

పీపాల మరలు చేత్తో తిప్పి కట్టవలసినవి. ప్రయోగశాల మోటారు బోటు నడిపే అతనిది పాతలంకే. మర్నాడు పొద్దున్న అతను పనికి రాలేదు. రేవులో నలుగుర్ని అడిగితే నలుగురూ మొహం తిప్పుకున్నారు. ఆమె వెనక్కి తిరగబోతుంటే మంగతాయారు చీర ఎగ్గట్టుకుని నీళ్ళలోకి దిగి, తమ పడవ తాడు విప్పింది.

"ఎక్కు" అంది.

"అన్నయ్య ఏమంటాడో వదినా."

"అనేది ఆయనంటాడు, పడేది నేను పడతాను. ఎక్కు."

మడచెట్ల మధ్య పాయ దాటారు. అప్పుడు మంగతాయారు, కళ్ళు నీళ్ళ మీదే ఉంచి చెప్పింది. "సేపలొచ్చిన నాలుగో రోజు నుంచీ నాకు తెలుసు. సేప కోత్తంటే కొన్నిట్లో గుడ్డు బయటికి పోకుండా కడుపులోనే నీరైపోయుంది. అదేటో ఆడదానికి ఒకరు సెప్పాలా? అందరూ నవ్వుతున్న ఇంట్లో ఎందుకులెమ్మని నోరు మూసుకున్నాను."

మొగ దగ్గర గాలి గట్టిగా ఉంది. ధనకుమారి ఒక్కో పీపా మీదకి వంగి మర కట్టింది. నాలుగో దాని దగ్గర ఆమె ఆగింది. ఆరేళ్ళ పని. ఆ నలభై రాళ్ళలో తప్ప ఇంకెక్కడా మిగలని నది. మరకి ముక్కు దగ్గరగా పెట్టి గాలి పీల్చింది. ఏమీ తెలియలేదు. ఉప్పుగాలి తప్ప ఏమీ లేదు.

"ఇంకా రెండున్నాయి" అని గుర్తుచేసింది మంగతాయారు, పడవని అలకి ఎదురుగా నిలబెడుతూ.

*

వారం తిరిగేసరికి వలలు ఖాళీగా లేచాయి. ప్రయోగశాల బోర్డుకి ఎవరో బురద కొట్టారు. వీరబాబు చెల్లెలితో మాట మానేశాడు. ఎదురుపడితే పక్కకి తప్పుకునేవాడు.

ధనకుమారి జరిగింది జరిగినట్టు రాసి మూడు దేశాలకీ పంపింది. చాంద్‌పూర్‌లో సమావేశం పెట్టారు. యానాం ప్రయోగశాల మూసెయ్యాలని కొందరు అధికారులు గట్టిగానే వాదించారు. చేపలవాళ్ళ తరఫున వచ్చిన జలీల్ మాఝీ చివర్లో లేచాడు.

"ఆ పిల్ల తన చేత్తో తనే కట్టేసి వచ్చింది. ఆమెని తిట్టి మనకేం వస్తుంది? వాళ్ళకి చేప లేదు, మనకుంది. వాళ్ళ ఏట్లో కొంచెం నీళ్ళు బాగుచేసుకోమనండి, గుడ్లు నేను తీసుకెళ్తాను. ఒకటే షరతు. మాలాగే వాళ్ళూ ఇరవై రెండు రోజులు ఆగాలి."

మొత్తం గోదావరిని కడగడం ఎవరి వల్లా అయ్యే పని కాదు. పాతలంక పక్కన మూడు కిలోమీటర్ల చిన్న పాయని ఎంచుకున్నారు. నాలుగు ఊళ్ళ మురుగు అందులో కలవకుండా మళ్ళించి, జమ్ము పెంచిన మడుగుల గుండా వడగట్టారు. పాథేన్ నుంచి వచ్చిన ఇంజనీరమ్మ మ్యా తందార్ మోకాలి లోతు బురదలో నిలబడి, అడుగున ఇసుక పరిపించింది. పది నెలలు పట్టింది. ఇవాళ్టి నీరు ఇవాళ్టి వాసనే వేసేది. దానికెవరూ ఏమీ కలపలేదు.

అక్టోబరులో జలీల్ మంచు పెట్టెల మధ్య గుడ్ల డబ్బాలు పెట్టుకుని, రెహనుమాని వెంటబెట్టుకుని వచ్చాడు. పాయ ఒడ్డున గుడ్లు దించుతుంటే ఊరంతా చూసింది. వీరబాబు ఒక్కడూ రాలేదు. ఊళ్ళో వలలు అతని మాట మీదే నడుస్తాయి. అతను ఒప్పుకోకపోతే ఇరవై రెండు రోజుల కట్టుబాటు కాగితం మీదే ఉండిపోతుంది.

"ఆయన ఇల్లెక్కడ?" అని అడిగాడు జలీల్.

వీరబాబు అరుగు మీదే ఉన్నాడు, వలతోనే. వచ్చినాయన్ని చూశాడు గాని లేవలేదు. జలీల్ పలకరించే ప్రయత్నమేమీ చెయ్యలేదు. అరుగు రెండో చివర కూర్చుని, వల అటు కొస ఒళ్ళోకి లాక్కుని, చిరుగు వెతికి, చేతికందిన కండెతో అల్లడం మొదలుపెట్టాడు. కాసేపటికి వీరబాబు చూపు అతని వేళ్ళ మీద పడింది. ఆ ముడి వేరుగా ఉంది. తను రెండుసార్లు తిప్పేచోట ఆ ముసలాయన ఒక్కసారే తిప్పి, చిటికెన వేలితో బిగిస్తున్నాడు. లాగి చూశాడు. జారలేదు.

"మళ్ళీ ఎయ్యి" అన్నాడు తెలుగులోనే. జలీల్ మళ్ళీ వేశాడు, మెల్లగా. మూడోసారికి వీరబాబుకి పట్టుబడింది.

అప్పుడతను తలెత్తి, గుమ్మం దగ్గర రెహనుమాతో నిలబడ్డ చెల్లెలికేసి చూశాడు. ఏడాది దాటాక అతను ఆమెతో అన్న మొదటి మాట అది. "ఆ ఇరవై రెండ్రోజులూ ఆళ్ళు ఏటి తింటారో అడుగు."

రెహనుమా అడిగి ఇంగ్లీషులో చెప్పింది, ధనకుమారి దాన్ని తెలుగు చేసింది. "సర్కారు బియ్యమిస్తుందట. పదిహేనో రోజుకి అయిపోతాయట."

"తర్వాత?"

జలీల్ రెహనుమాని చూపిస్తూ ఏదో అన్నాడు. ఆమె నవ్వాపుకుంటూ తర్జుమా చేసింది. "తర్వాత ఏడు రోజులూ నన్ను తిడుతూ కూర్చుంటారట."

వీరబాబు ముందు పెదాలు బిగబట్టాడు. కానీ నవ్వు ఆగలేదు. "తాయారూ, పెద్దాయనకి అన్నం పెట్టు" అని లోపలికి కేకేశాడు.

ఆ ఏడు పాతలంక రేవులో ఇరవై రెండు రోజులు ఒక్క వల తడవలేదు. పక్క ఊరి పడవలు రెండు వస్తే వీరబాబు అడ్డంగా పడవేసుకుని నిలబడ్డాడు. పదిహేనో రోజు దాటాక చెల్లెల్ని పేరు పెట్టి తిట్టాడు కూడా. గుడ్లలో నూటికి ముప్ఫై ఒకటి పిల్లలయ్యాయి. వేలెడు పొడవు పిల్లలు ఫిబ్రవరిలో గుంపులుగా మొగ దాటి సముద్రంలోకి పోయాయి.

ఆ తర్వాత రెండు సీజన్లు గడిచాయి. వీరబాబు వలలో ఐదో ఆరో పడేవి. వాటి రాళ్ళు చాంద్‌పూర్ వెళ్ళేవి. ఒక్కదాని నడిమి పొరలోనూ గోదావరి లేదు. అయినా పాతలంకవాళ్ళు ఏటా ఆ ఇరవై రెండు రోజులూ వలలు ఎండగట్టారు. కొందరు గొణుక్కుంటూ, కొందరు వీరబాబుకి భయపడి.

మూడో ఏడు జూలైలో, నీరు ఇంకా ఎర్రబడకముందే, ఒక ఉదయం రెహనుమా ఫోన్ వచ్చింది.

"ఒకటి దొరికింది కుమారీ. నడిమి పొర మీ చిన్న పాయ. పాథేన్ వాళ్ళు చదివారు. నమ్మకం చాలక మూడుసార్లు చదివించాను."

"ఎవరి వల్లో ఆపా? మాకింకా ఎర్రనీరే దిగలేదు."

"మీ దగ్గర కాదు. మేఘనాలో. జలీల్ వల్లో."

ధనకుమారి ఫోన్ చెవిన పెట్టుకునే రేవుకి పరిగెత్తింది. వీరబాబు పడవలో నీళ్ళు తోడిపోస్తున్నాడు. రొప్పుతూ చెప్పింది. అతను డబ్బా పట్టుకునే నడుం ఎత్తాడు.

"మన ఏట్లో పుట్టింది, ఆళ్ళ ఏటికెల్లిందా?"

"ఆఁ."

"దారి తప్పిందా, కావాలనే ఎల్లిందా?"

"తెలీదు అన్నయ్యా. ఇంకా తెలీదు."

అతను ఇంకో డబ్బా నీళ్ళు తోడిపోశాడు. "తిన్నారా?"

"తలకాయ ఆపాకిచ్చి మిగతాది తిన్నారంట."

"ఎలాగుందంట?"

ఆమె ఫోన్‌లో అడిగింది. అవతల బెంగాలీలో ఏవో మాటలు, వెనకనుంచి ముసలాయన నవ్వు వినిపించాయి.

"ముళ్ళు మా చేపకి ఉన్నన్నే ఉన్నాయంటున్నాడు. రుచి గురించి చెప్పాలంటే ఇంకోటి తినాలంట."

వీరబాబు పకపకా నవ్వి డబ్బా పడవలో పడేశాడు. తర్వాత, నడుం మీద చేతులు పెట్టుకుని మొగ వైపు చూశాడు.

"నలబై యేల పిల్లలొదిలాం గదా. మిగతాయి ఎటెల్లాయో కనుక్కో" అన్నాడు.